నాక్టువా ఏ12ఎక్స్25 ఫ్యాన్: ఎక్కడ బిగిస్తే చప్పుడు తగ్గుతుంది

ఆస్ట్రియా కంపెనీ నాక్టువా కంప్యూటర్ క్యాబినెట్‌లో బిగించే ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 పీడబ్ల్యూఎం (మదర్‌బోర్డు పంపే సంకేతంతో వేగం మారే రకం) ఫ్యాన్‌ని 2018లో తెచ్చింది. దీని ఒక్కదాని ధరకు మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు మూడు వస్తాయి. అంత పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు. అయితే డబ్బు కట్టేముందు ఒక పని చేయండి. పాత ఫ్యాన్లు తిరుగుతుండగానే క్యాబినెట్ ముందు ప్యానెల్ ఊడదీయండి. హోరు అక్కడికక్కడే తగ్గిపోతే తప్పు ఫ్యాన్‌ది కాదు, ప్యానెల్‌ది. గాలి ఆడని ఆ ప్యానెల్ వెనక ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా హోరు పోదు.

దీని గొప్పతనం రెక్కల్లో ఉంది. రెక్క చివరకీ ఫ్రేముకీ మధ్య సందు 0.5 మిల్లీమీటరే. ఆ సందులోంచే గాలి వెనక్కి కారి సుడులు తిరుగుతుంది. సందు పెద్దదైన కొద్దీ గాలి ఒత్తిడి పడిపోతుంది, రొద పెరుగుతుంది. మామూలు ప్లాస్టిక్ రెక్కలు వేడికీ వేగానికీ కాలక్రమంలో కాస్త సాగుతాయి కాబట్టి ఇంత తక్కువ సందు వదిలితే ఫ్రేముకు రాసుకుంటాయి. ఇందులో వాడిన స్టెరాక్స్ అనే గట్టి పదార్థం అలా సాగదు.

పూర్తి వేగం 2000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 2000 చుట్లు. అక్కడ 22.6 డెసిబెళ్లని కంపెనీ లెక్క. కానీ క్యాబినెట్‌లో అంత వేగం అక్కర్లేదు. 1500 నుంచి 1000కి దించితే గాలి మూడో వంతు తగ్గుతుంది, చప్పుడు మాత్రం సుమారు 9 డెసిబెళ్లు పడిపోతుంది. 800-1000 మధ్య మోటారు టికటిక గానీ బేరింగ్ గరగర గానీ లేకుండా గాలి కదలిక ఒక్కటే వినిపిస్తుంది. ఖరీదంతా ఆ నిశ్శబ్దానికే.

పెట్టెలో స్క్రూలతో పాటు నాలుగు రబ్బరు పెగ్గులు, రెండు ఫ్యాన్లను కలిపే వై కేబుల్, 30 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్, వేగాన్ని 1700కి కట్టేసే అడాప్టర్ ఉంటాయి. మదర్‌బోర్డులో వేగం మార్చుకోగలిగితే అడాప్టర్‌తో పనిలేదు. పెగ్గులు మాత్రం తప్పక వాడండి. సన్నని రేకు క్యాబినెట్లలో ఫ్యాన్ అదురు రేకుకు పాకి జుమ్మంటుంది, ఆ అదురును రబ్బరు అడ్డుకుంటుంది. పెగ్గు తోకను ఒక్కసారిగా గుంజితే తెగుతుంది. ఉబ్బు భాగం రంధ్రంలో కూర్చునేదాకా నెమ్మదిగా లాగాలి.

ముందు జాలీ గానీ దుమ్ము ఫిల్టర్ గానీ రెక్కలకు మరీ దగ్గరగా ఉంటే సన్నని కూత వస్తుంది. గాలి పీల్చే వైపు అడ్డు ఉన్నప్పుడు ఇది ఎక్కువ. నాక్టువాయే అమ్మే ఎన్ఏ-ఐఎస్1-12 అనే 5 మిల్లీమీటర్ల స్పేసర్ మధ్యలో పెడితే తేడా తెలుస్తుంది. పక్కపక్కన రెండు ఫ్యాన్లు ఒకే వేగంతో తిరిగితే ఊ... ఊ... అని ఎగసి తగ్గే మోత పుట్టొచ్చు. ఒకదాన్ని 50 ఆర్‌పీఎం తేడాతో నడపండి. ఇలా చేయాలంటే వై కేబుల్ వాడకుండా మదర్‌బోర్డు మీద రెండు వేర్వేరు హెడర్లకు (ఫ్యాన్ తీగ గుచ్చే పిన్నులకు) పెట్టాలి.

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) హెడర్‌ని పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంచండి. క్యాబినెట్ ఫ్యాన్లను ప్రాసెసర్ వేడికి ముడిపెడితే బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ హోరు లేస్తుంది. మదర్‌బోర్డు వేడికి ముడిపెట్టండి, వీలుకాకపోతే వేగం పెరిగే ముందు కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి. మన దగ్గర ఇంకో తిప్పలుంది. డిసెంబరులో పెట్టిన సెట్టింగ్ మే నెలలో పనికిరాదు. గది వేడి 15 డిగ్రీలు పెరిగితే లోపలి వేడీ దాదాపు అంతే పెరిగి, పని లేకపోయినా ఫ్యాన్లు పరుగెడతాయి. ఎండాకాలానికి వేగం పెరిగే మెట్లను 10 డిగ్రీలు పైకి జరిపి, ప్రాసెసర్ వేడి హద్దులో ఉందో లేదో చూసుకోండి.

రెక్కల మీద దుమ్ము ఒకవైపు పేరుకుంటే తూకం తప్పి అదురు మొదలవుతుంది. బ్లోయర్ వాడేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలి దెబ్బకు అడ్డూ అదుపూ లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

గోధుమ రంగు నచ్చనివారికి నలుపు క్రోమాక్స్ రకం ఉంది. వారంటీ 6 ఏళ్లు, బిల్లు దాచుకోండి. ఫిల్టరో, ప్రాసెసర్‌ని నీటితో చల్లబరిచే రేడియేటరో అడ్డున్న చోట దీనికి పెట్టిన డబ్బు దండగ కాదు. వెనక వైపు వేడి గాలి బయటికి తోసే ఫ్యాన్‌కు ఇంత అక్కర్లేదు. అదే కంపెనీ ఎన్ఎఫ్-పీ12 రెడక్స్ 1300 చాలు. దాంతో రబ్బరు పెగ్గులు రావు, విడిగా కొనుక్కోవాలి.