మూడేళ్లు వాడాక: పక్షవాత రోగుల చేతి వ్యాయామానికి వీఆర్ హెడ్‌సెట్

మా ఫిజియోథెరపీ విభాగంలో పక్షవాతం వచ్చినవారి చేతి కదలికలపై జరుగుతున్న పరిశోధన కోసం, ఆటలకని దుకాణాల్లో అమ్మే, కళ్లకు తొడుక్కుంటే కల్పిత దృశ్యం చుట్టూ ఉన్నట్టే చూపే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఒకదాన్ని మూడేళ్లుగా వాడుతున్నాను. వ్యాయామం చేయించే పనిముట్టుగా దానికి మంచి మార్కులే వేస్తాను. కొలిచే పనిముట్టుగా మాత్రం దానినొక్కదాన్నే నమ్మలేను.

ఇరవైసార్లు చెయ్యి చాపమంటే విసుక్కునేవారు కూడా, ఎదురుగా కనిపించే కొమ్మ నుంచి మామిడికాయలు కోయమంటే అంతకు రెండు మూడింతలు కోసి, ఇంకొక్క ఆట అని అడుగుతారు. పట్టు తప్పిన చేతికి కావలసింది, చేసిన కదలికనే మళ్లీ మళ్లీ చేయడం.

అయితే మొదటి ఏడాది, ఒక పెద్దావిడ స్కోరు వారం వారం పెరుగుతుంటే సంబరపడిన నేను, ఒకరోజు పక్కనుంచి గమనించి కంగుతిన్నాను. మోచేయి తొలిరోజు ఎంత వంగి ఉందో అంతే ఉంది. ఆవిడ నడుము నుంచి ముందుకు వాలి కాయను అందుకుంటున్నారు. ఆ హెడ్‌సెట్‌కు నిజంగా తెలిసేవి తల, చేతుల్లో పట్టుకునే రెండు కంట్రోలర్లు ఉన్న చోట్లు మాత్రమే. మోచేయి, భుజం అది ఊహించుకున్నవే. చెయ్యి ఎక్కడికి చేరిందో చెబుతుంది గానీ ఎలా చేరిందో చెప్పదు, శరీర కదలికల తీరును పరిశీలించే బయోమెకానిక్స్‌కు కావలసిందేమో ఆ రెండోదే.

తల ఎంత ముందుకొస్తే కాయ అంత వెనక్కి జరిగేలా ఆటను మార్పించాం. వాలితే లాభం లేదని రోగులు త్వరగానే పసిగట్టారు, కానీ తల ఊరికే వంచినా కాయ జరిగిపోతుండటంతో చివరికి రొమ్ము ఎముక మీద ఒక చిన్న సెన్సర్ అతికించి, మోచేతి కోణాన్ని గోనియోమీటరుతో (కీళ్ల కోణం కొలిచే పరికరం) విడిగా కొలుస్తున్నాం. ఛాతీని కుర్చీకి బెల్టుతో కట్టి, "అమ్మా, వీపు ఆనించే ఉంచండి" అని పక్కన ఒకరు చెబుతూ ఉండవలసిందే.

పక్షవాతంలో వీఆర్‌పై 2017లో వెలువడిన కాక్రేన్ సమీక్ష (వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసే నివేదిక) 72 అధ్యయనాలను, 2,470 మందిని పరిశీలించి, చేతి విషయంలో ఇది మామూలు చికిత్సను మించినదేమీ కాదని, ఆ చికిత్సకు అదనంగా ఇస్తే మేలు కనబడిందని తేల్చింది. నా అనుభవమూ దాదాపు అదే.

చిన్న చిరాకులకు లోటు లేదు. సుమారు అరకిలో బరువు ముఖం మీదే పడుతుంది, వేసవిలో చెమటకు అద్దాలు మసకబారతాయి. కంట్రోలర్ లేకుండా వట్టి చేతినే కెమెరాలతో గుర్తించే సదుపాయం బిగుసుకుపోయిన పిడికిలిని పోల్చుకోలేదు కనుక కంట్రోలర్‌ను క్రేప్ బ్యాండేజీతో చేతికి చుడుతున్నాం. కూర్చున్న మనిషికి కళ్లముందు దృశ్యం కదిలితే వికారం పుడుతుంది. అందుకే చెట్టును కదలనివ్వం. ఇక ఖాళీ తెల్లగోడల మధ్య హెడ్‌సెట్ కెమెరాలకు ఆనవాళ్లు దొరక్క, తానెక్కడుందో అది పోల్చుకోలేకపోతున్నదని తెలిశాక, పాత క్యాలెండర్లన్నీ తెచ్చి ఆ గది గోడలకు తగిలించాం.