గళ్ళ బల్ల నుంచి టీవీ తెరకు: స్క్రాబుల్ షోపై ఒక సమీక్ష

కడప ఎర్రముక్కపల్లెలో, బ్రౌన్ గ్రంథాలయానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు స్క్రాబుల్ ఆడడం చాలా ఏళ్ళుగా అలవాటు. ఈ వేసవి సెలవుల్లో మా అమ్మాయి అదే పేరుతో అమెరికాలో వచ్చిన పాత టీవీ షో భాగాలను యూట్యూబులో వెదికిపట్టింది. ఇద్దరం కలిసి ఇరవైకి పైగా భాగాలు చూశాము. బల్ల మీద ఆడే మాటల ఆటను టీవీ షోగా మార్చినప్పుడు ఏమి నిలిచింది, ఏమి జారిపోయింది, తెలుగులో అలాంటి షో చేయాలనుకునేవారు దాని నుంచి ఏమి తీసుకోవచ్చు అన్నదే ఈ సమీక్ష.

ముందు అసలు ఆట సంగతి. 1930ల ఆర్థిక మాంద్యంలో పని పోగొట్టుకున్న ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్ట్ దీనిని రూపొందించాడు. వార్తాపత్రిక పేజీలను ముందు పెట్టుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కగట్టి, దాన్ని బట్టి బిళ్ళల సంఖ్యనూ విలువనూ నిర్ణయించాడు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో జేమ్స్ బ్రూనో చేతుల మీదుగా వచ్చింది. 225 గళ్ళ బల్ల, అక్షరాలు రాసిన 100 బిళ్ళలు, చేతిలో ఎప్పుడూ ఏడు. వాటితో మాటలు కూర్చి బల్ల మీద పెట్టి మార్కులు తెచ్చుకోవాలి. ఇంగ్లీషులో ‘ఎస్’ చాలా ఎక్కువగా వచ్చే అక్షరమే అయినా నాలుగు బిళ్ళలే పెట్టాడు, ఎందుకంటే ప్రతి మాటకూ చివర దానిని తగిలించి బహువచనం చేసి మార్కులు దండుకునే వీలు ఉండకూడదని. ఆ లెక్కలో ఉన్న శ్రద్ధ చూస్తే నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది.

అయితే ఈ ఆట ఆడేవారికి ఎంత రుచికరమో చూసేవారికి అంత చప్పగా ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం మా ఊరిలోనే ఒక బడి వార్షికోత్సవంలో ఇద్దరు పిల్లల చేత వేదిక మీద స్క్రాబుల్ ఆడించి, బల్లను ప్రొజెక్టరుతో తెర మీద చూపించే ఏర్పాటుకు నేనే పూనుకున్నాను. పిల్లవాడు ఏడు బిళ్ళలను అటూ ఇటూ జరుపుతూ నాలుగు నిమిషాలు ఆలోచించాడు. ఆ నాలుగు నిమిషాలు తెర మీద ఏ మార్పూ లేదు. ముందు వరుసలో ఉన్న తల్లిదండ్రులు సెల్‌ఫోన్లు తీశారు, వెనుక వరుసలు లేచి వెళ్ళిపోయాయి. చివరికి ఆ అబ్బాయి పెట్టిన మాట చాలా మంచిది, కానీ చప్పట్లు కొట్టడానికి ఎవరూ మిగలలేదు. ఆట సారమంతా ఆడేవాడి బుర్రలోనే జరుగుతున్నప్పుడు చూసేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదని నాకు ఆ రోజు తెలిసింది.

1984 జూలైలో ఎన్‌బీసీ అనే అమెరికా టీవీ ఛానెల్‌లో మొదలై 1990 మార్చి వరకు సాగి, 1993లో మళ్ళీ కొన్ని నెలలు వచ్చిన ఈ షో సరిగ్గా ఆ చిక్కునే విప్పింది. చక్ వులరీ వ్యాఖ్యాత. ఏడు బిళ్ళలతో సొంతంగా మాట కూర్చుకునే పద్ధతిని పూర్తిగా తీసేశారు. దాని స్థానంలో, గళ్ళనుడిలో లాగా ఒక ఆధారం ఇస్తారు. మాటకు ఎన్ని గళ్ళో తెర మీద కనిపిస్తుంది, అంతకుముందటి మాటలోని ఒక అక్షరం కొత్త మాటకు పునాది అవుతుంది. పోటీదారుడు రెండు బిళ్ళలు తీసి అందులో ఒకటి ఎంచుకుంటాడు. అది మాటలో ఉంటే తన చోటికి వెళ్ళి కూర్చుంటుంది. లేకపోతే దానిని ‘స్టాపర్’ అంటారు, వంతు ఎదుటివారికి పోతుంది. ఒక్కో మాటకు స్టాపర్లు మూడు. నీలిరంగు గడిలో అక్షరం పడగానే మాట చెప్పేస్తే 500 డాలర్లు, గులాబి గడిలో అయితే 1000.

స్టాపరే ఈ షోకు ప్రాణం. తెర మీద రెండు అక్షరాలు కనిపించగానే, ‘ఇది వద్దు, అది తీసుకో’ అని ఇంట్లో కూర్చున్నవాళ్ళు పోటీదారుడికి సలహా ఇవ్వడం మొదలుపెడతారు. మా ఇంట్లో అదే జరిగింది. అసలు ఆటలో ఉన్న ఎంపిక అనే గుణాన్ని చిన్నది చేసి, అందరికీ కనిపించేచోట పెట్టారు. చివరి అంకమైన ‘స్ప్రింట్’లో గడియారంతో పరుగు తప్ప ఆలోచనకు చోటు తక్కువ కనుక అది నన్ను అంతగా ఆకట్టుకోలేదు.

పోగొట్టుకున్నది కూడా చిన్నదేమీ కాదు. స్క్రాబుల్‌లో మాట ఆడేవాడి సొంతం. తన దగ్గరున్న అక్షరాల నుంచి, అప్పటికి ఎవరికీ తట్టని మాటను అతడు పుట్టిస్తాడు. షోలో మాట ముందే ఎవరో రాసిపెట్టినది, పోటీదారుడు దాన్ని కనుక్కుంటాడు, అంతే. బిళ్ళల మీద అంకెలకు విలువ లేదు. పేరు స్క్రాబుల్ అయినా వరస పొడుపుకథది. షోగా దీనికి మంచి మార్కులే వేస్తాను, స్క్రాబుల్‌గా మాత్రం వేయలేను.

మాట పుట్టించే ఆటను జనం ముందు రక్తి కట్టించడం అసాధ్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే మన అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉంది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత ఏ అక్షరం వస్తుందో ఊహించి పృచ్ఛకుడు, అంటే ఎదుట కూర్చుని ప్రశ్నలు వేసేవాడు, దానిని నిషేధిస్తాడు. అవధాని ఆ అడ్డును తప్పించుకుని మరో అక్షరంతో పద్యాన్ని నడిపిస్తాడు. అడ్డు పడడం, దారి మళ్ళడం రెండూ సభలోని వారికి వినిపిస్తూనే ఉంటాయి. శతావధాని సి.వి. సుబ్బన్న గారిని కన్న ప్రొద్దుటూరు మా జిల్లాలోనే ఉంది, ఇక్కడివారికి ఈ రుచి కొత్తగా నేర్పనక్కరలేదు. ఆ షో స్టాపరును కనిపెట్టింది కానీ, అడ్డు తగిలిన మనిషి కొత్త మాట పుట్టించే అవకాశాన్ని ఇవ్వలేదు. తెలుగులో చేసేవారు ఆ లోటును నిషిద్ధాక్షరితో పూడ్చుకోవచ్చు.

తెలుగులో చేయడానికి వీలవుతుందా అని మేము ఇంట్లోనే పరీక్షించి చూశాము. బల్ల మీది ఆటకు గుణింతాలతో, ఒత్తులతో వందల బిళ్ళలు కావాలి. ఆ సంచిని మోయడమే కష్టం. షో పద్ధతిలో ఆ బాధ లేదు, ఎందుకంటే ఆ మాటలోని అక్షరాలు, మూడు స్టాపర్లు ఉంటే చాలు. అందుకే పెళ్ళిపత్రికల అట్టలు కత్తిరించి, స్కెచ్ పెన్నుతో నిండు అక్షరాలే రాశాము. ఇంకొక చిక్కు ఎదురైంది. ‘స్త్రీ’ అన్న మాట ఒక్క గడిలో ఇమిడిపోతుంది, ‘సంగటి’కి మూడు గళ్ళే. రెండు బిళ్ళలు పడేసరికి మాట తెలిసిపోతుంది కనుక నాలుగు గళ్ళకు తగ్గని మాటలే తీసుకోవాలి. బహువచనపు ‘లు’ను ముందే చూపించడం కూడా మంచిది, బట్స్‌కు ‘ఎస్’తో వచ్చిన ఇబ్బందే మనకు దానితో వస్తుంది.

ఆధారాల కోసం ఎక్కడికీ పోనక్కరలేదు, పొడుపుకథలు ఉన్నాయి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు’ అని మా అమ్మాయి చదివి, అయిదు గళ్ళు గీసి, చివర ‘లు’ పెట్టింది. నేను తీసిన రెండు అట్టముక్కలు ‘డ’, ‘రె’. ‘రె’ మూడో గడిలో పడింది. నేను ఇంకా లెక్కలు వేస్తుండగానే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ తల ఎత్తకుండానే, “రెప్పలు గదమ్మా, కంటిరెప్పలు!” అంది. ఇన్నేళ్ళుగా మేము స్క్రాబుల్ ఆడుతుంటే దగ్గరికి కూడా రాని మనిషి ఆమె. ఆ తరువాత ఆరు మాటలకు మనవరాలి పక్కనే కూర్చుంది.

పేచీ వచ్చింది కూడా ఆమెతోనే. ‘బొరుగులు’ అని నేను పెట్టిన మాటను హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడు ఒప్పుకోలేదు. వాళ్ళ ఇంట్లో మరమరాలే అంటారట. పుట్టినప్పటి నుంచి తింటున్న బొరుగులు మాట కాకుండా ఎట్లా పోతుందని అమ్మ నిలదీసింది. ఏ నిఘంటువు తీర్పుకు కట్టుబడాలో ముందే ప్రకటించకపోతే తెలుగు షో మొదటి వారంలోనే ఇలా ఆగుతుంది. పండితుల మాటలతో పాటు జనం నోటి మాటలను కూడా చేర్చి 1852లో నిఘంటువు అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ ఈ ఊరిలో పండితులను కూర్చోబెట్టి పని చేయించినవాడు. తీర్పు చెప్పే బల్ల మీద ఆ నిఘంటువుతో పాటు సీమ, కోస్తా, తెలంగాణ మాండలికాల పట్టికలు కూడా ఉండాలని నా కోరిక. ఆ రోజుకు మాత్రం బొరుగులకు మార్కులు వేసి, ఆట కొనసాగించాము.