తొమ్మిదేళ్లుగా నా చెకుముకి తుపాకీ

ఈ తుపాకీ చేయించుకుంటున్నానని చెప్పిన రోజు మా ఆవిడ ఒకటే అడిగింది: "రెండేళ్లు ఆగి మరీ, రాయి కొడితే పేలే తుపాకీ కొంటావా?" కొన్నాను. తొమ్మిదేళ్లయింది. ఈపాటికి పదిహేను వందల గుళ్లు కాల్చి ఉంటాను.

మేముండేది పెన్సిల్వేనియాలో, లాంకస్టర్‌కి గంట దూరం. 18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్ల నుంచి వచ్చిన పనివాళ్లు యేగర్ అనే తమ పొట్టి వేట తుపాకీని ఇక్కడ పొడుగ్గా, సన్నగా మార్చుకున్నారు. లాంగ్‌రైఫిల్ అలా పుట్టింది. పేరేమో కెంటకీ కొట్టేసింది గానీ పుట్టిల్లు ఇదే. ఇక్కడి పాతకాలపు తుపాకీల పనివాడు జేకబ్ డికెర్ట్ కాలం నాటి లాంకస్టర్ బాణీలో నాకు చేసిపెట్టారు ఒక పెద్దాయన. .50 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), 42 అంగుళాల బ్యారెల్, బరువు మూడున్నర కిలోల పైమాటే. కానీ చేతిలో అంత బరువు అనిపించదు. బ్యారెల్ వెనక లావుగా, నడుమ సన్నగా, మూతి దగ్గర మళ్లీ కాస్త లావుగా ఉంటుంది. ఎడమ చెయ్యి ఎక్కడ పడుతుందో తూకం అక్కడే కుదురుతుంది.

పని మధ్యలో ఒకసారి ఆయన షెడ్డుకు వెళ్లాను. తుపాకీలో తాళమంటే రాయితో నిప్పు రాల్చే యంత్రం. దాని పలక వెనక మసి రాసి, కర్రలో తొలిచిన గాడిలో నొక్కి తీస్తున్నారు. మసి అంటిన చోట మాత్రం ఉలితో ఒక పొర గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం. ఆ ఒక్క పలక కూర్చోవడానికే పూటంతా పట్టింది. వేలికంటిన మసి చూస్తే, ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి మా అమ్మమ్మ పట్టే కాటుక గుర్తొచ్చింది. ఈ రోజుకీ ఆ ఇనుముకీ కర్రకీ మధ్య వెంట్రుక దూరదు.

మన ఊళ్లలో కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అని ఐదుగురు చేసే పనులు ఇక్కడ ఒక్కరే చేశారు. తుపాకీ మడమలోని చిన్న పెట్టెకు ఇత్తడి మూత, దాని మీద పువ్వు, చెంపకు ఆనే చోట తీగ చెక్కడం, వెండి బొట్టు, అన్నీ. బ్యారెల్ మాత్రం కొన్నదే. అదేం తప్పు కాదు, ఆ కాలంలోనూ తాళాలు బయటి నుంచి తెప్పించుకునేవాళ్లు. మేపుల్ కర్రకు రంగు వేయలేదు. నత్రికామ్లంలో ఇనుము కరిగించిన నీళ్లు పూసి వేడి చూపించారు. కర్రలోని పులిచారలు వాటంతటవే పైకి తేలాయి.

ఇక వాడకం. తుపాకీ మందు 70 గ్రెయిన్లు (సుమారు నాలుగున్నర గ్రాములు), నూనె గుడ్డలో చుట్టిన సీసం గుండు, కర్రతో దట్టించడం. అలవాటైతే నిమిషం లోపే. ఆసరా మీద పెట్టి కాలిస్తే 50 గజాల్లో ఐదు గుళ్లూ కాఫీ సాసర్ దాటవు. రాయి టక్, మందు ఢాం అని రెండు చప్పుళ్లు వస్తాయనుకున్నాను. రాయి పదునుగా ఉంటే ఒకటే వినిపిస్తుంది.

లోపాలు లేవా? మూడో చలికాలం, హీటర్ వేడికి కర్ర ఎండి, దట్టించే కర్రను పట్టే ఇత్తడి గొట్టం ఒకటి వదులైంది. ఆయన డబ్బు తీసుకోకుండా బిగించారు గానీ ఆరు వారాలు ఉంచుకున్నారు. ట్రిగ్గర్ నా వేలికి కాస్త గట్టి. కాల్చిన సాయంత్రమే వేడినీళ్లతో కడిగి నూనె పట్టించకపోతే తెల్లారేసరికి తుప్పు. కడిగేటప్పుడు వచ్చే కుళ్లిన గుడ్ల కంపుకు నన్ను వంటింటి సింకు నుంచి గరాజుకు తరిమేశారు.

వాన సంగతి వేరే చెప్పాలి. క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే చెకుముకి తుపాకీల జింక వేట సీజన్‌లో, సన్నటి తుంపరలో, 40 గజాల్లో జింక నిలబడింది. తాళం పక్కన నిప్పురవ్వలు పడే చిన్న పళ్లెంలో మందు చెమ్మగిల్లి తుస్సుమంది. జింక నావైపు ఒకసారి చూసి నింపాదిగా నడిచి వెళ్లింది. అది తుపాకీ తప్పు కాదు, తాళం మీద తోలు కప్పమని ఆయన ముందే చెప్పారు.

ఇంకో మాటా చెప్పారు. ముందు గురికి పెట్టిన వెండి రేకు ఎండలో తళుక్కుమని కళ్లు చెదురుతాయి. కొవ్వొత్తి పొగ పట్టించమన్నారు. నేను ఆముదం దీపం పెడుతున్నాను.