థైరాయిడ్ మాత్ర పదేళ్ళు దాటి వాడాక నా రివ్యూ

లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను తక్కువైనవాళ్ళకి ఇచ్చే మాత్ర) వాడబట్టి పదేళ్ళు దాటిందండి, మొదట్లో ఎల్ట్రాక్సిన్ అనే బ్రాండు వాడా, తర్వాత థైరోనార్మ్, ఇప్పటికీ అదే. ముందే చెప్పేస్తా, మందు మంచిది, చవక, నాకు దాని మీద ఏ కంప్లైంటూ లేదు. కాకపోతే అసలు జబ్బేంటో తెలిసి ఈ మాత్ర నా దాకా రావడానికి రెండేళ్ళకి పైనే పట్టింది, వచ్చాక కూడా అది ఒంటికి సరిగ్గా పట్టడానికి ఇంకొంత కాలం పట్టింది. మన వైపు ఆడవాళ్ళలో ఇది ఇంత మందికి ఉండి కూడా ఇన్నేసి నెలలు అలా అల్లాడాల్సిన అవసరం ఎవరికీ లేదని నా బాధ, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నేను తెనాలి దగ్గర స్కూల్లో టీచర్ని. పెద్దాడు పుట్టిన ఏడాదికి మొదలైంది. జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడిపోతుంటే స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్తే నూనె, షాంపూ, మాత్రలు. నీరసం అంటే రక్తం తక్కువగా ఉందని ఐరన్. నెలసరి పది రోజులు ఆగకుండా అవుతుంటే దానికి వేరే డాక్టరు, వేరే మందు. గొంతు బొంగురుపోతే "క్లాసులో అరుస్తారు కదమ్మా, అంతే" అన్నారు. మలబద్ధకానికి ఇసబ్‌గోల్. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ వస్తే దానికో మాత్ర రాశారు, అది వేసుకున్నాక తొడలు, పిక్కలు ఒకటే నొప్పులు. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం ఉన్నవని ఎవ్వరూ అనలా, ఎందుకంటే ఒక్కో డాక్టరుకి నేను ఒక్కో ముక్కే చెప్పుకున్నట్టు అయింది, అడిగింది కూడా ఆ ముక్కే. మే నెలలో, గుంటూరు జిల్లా ఎండల్లో, ఇంట్లో అందరూ చెమటలు కక్కుతుంటే నేను దుప్పటి కప్పుకుని ఫ్యాన్ ఆపమనేదాన్ని. అత్తయ్య గారు "ఇదేం చలమ్మా నీకు" అనేవారు. ఆఖరికి ఒకచోట డిప్రెషన్ అన్నారు, మందులు మొదలుపెడదామన్నారు. దిగులుగా ఉన్న మాట నిజమే, మూడేళ్ళుగా పాఠం చెప్పిన పిల్లాడి పేరు నోటికి రాకపోతే ఏ టీచరుకైనా దిగులుగానే ఉంటుంది కదండీ.

పట్టుకున్నది మాత్రం మా ఊళ్ళో ఒక పెద్ద వయసు ఫిజీషియన్ గారు. ఆయన రిపోర్టులు పక్కన పెట్టి ముందు నన్ను చూశారు. కనుబొమల బయటి చివర్లు పల్చబడ్డాయన్నారు, ముఖం ఉబ్బు చూశారు, నాడి పట్టుకుంటే నిమిషానికి 54. తర్వాత కుర్చీలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మడమ వెనక చిన్న సుత్తితో కొట్టారు, పాదం ఒక్కసారి కదిలి మామూలుగా వెంటనే వెనక్కి రావాలట, నాది మెల్లగా వస్తోంది. అప్పుడు థైరాయిడ్ రక్తపరీక్షలు రాశారు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను). టీఎస్‌హెచ్ 60 దగ్గర వచ్చింది (ల్యాబు వాళ్ళ నార్మల్ 0.4 నుంచి 4 దాకా), ఫ్రీ టీ4 బాగా తక్కువ. థైరాయిడ్ మీదకి వెళ్ళే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే యాంటీ టీపీఓ టెస్టు కూడా చేయించారు, చాలా ఎక్కువ. హషిమోటో థైరాయిడైటిస్ అన్నారు. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు రాసిన జబ్బు ఇది, మన ఒంట్లో రోగాల మీదకి వెళ్ళాల్సిన రక్షణ కణాలే గొంతు కింద ఉండే థైరాయిడ్ గ్రంథి మీదకి వెళ్ళి మెల్లమెల్లగా దాన్ని పాడుచేస్తాయి. గ్రంథి హార్మోను తగ్గించేసరికి మెదడు కింద ఉండే పిట్యూటరీ ఇంకా పని చెయ్యమని టీఎస్‌హెచ్ పెంచుతుంది, అందుకే హార్మోను తక్కువైన వాళ్ళకి టీఎస్‌హెచ్ ఎక్కువ వస్తుంది. ఇది తెలియక "మీకు ఎక్కువుంది" అంటే హార్మోను ఎక్కువైందనుకుని కంగారుపడేవాళ్ళని చాలామందిని చూశా.

కొలెస్ట్రాల్ మాత్ర ఆపించారు ఆయన. హార్మోను తక్కువుంటే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) దానంతటదే పెరుగుతుందట, పైగా థైరాయిడ్ సరిచెయ్యకుండా ఆ మాత్ర వేస్తే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువట. కొన్ని నెలలకి నా కొలెస్ట్రాల్ ఏ మాత్రా లేకుండానే దిగింది. అందుకే చెప్తున్నా, మీ ఇంట్లో ఎవరికైనా కొత్తగా కొలెస్ట్రాల్ ఎక్కువని తేలితే మందు మొదలుపెట్టే ముందు ఒకసారి టీఎస్‌హెచ్ చూడమని డాక్టర్ని అడగండి, రక్తం ఎలాగూ తీస్తారు.

ఇంకో మాట, చాలా చోట్ల టీఎస్‌హెచ్ ఒక్కటే చేసి పంపేస్తారు. ఎక్కువమందికి అది సరిపోతుంది. కానీ కాన్పులో విపరీతంగా రక్తం పోయిన ఆడవాళ్ళకి కొందరిలో పిట్యూటరీయే దెబ్బతింటుంది, షీహాన్ సిండ్రోమ్ అంటారు, వాళ్ళకి హార్మోను పడిపోయినా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించొచ్చు. అలాంటి కాన్పు అయి, పాలు పడక, నెలసరి మళ్ళీ రాకుండా, నీరసంగా ఉంటే ఫ్రీ టీ4 కూడా తప్పనిసరిగా చూడాలి. ల్యాబులవాళ్ళు ప్యాకేజీల్లో పెట్టే మెడ స్కానింగ్ మాత్రం గడ్డ ఏదీ చేతికి తగలకపోతే అందరికీ అక్కర్లేదని మా డాక్టరు గారు అన్నారు, యాంటీ టీపీఓ కూడా ఒకసారి తేలాక ప్రతిసారీ చేయించే పని లేదు.

ఇక మందు సంగతి. గ్రంథి దాదాపు పూర్తిగా పనిచెయ్యనప్పుడు కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాముల లెక్కన డోసు వేస్తారు, నా బరువుకి 100 వచ్చింది, అదే రాశారు. పెద్దవాళ్ళకి, గుండె జబ్బున్నవాళ్ళకి 25తోనో ఇంకా తక్కువతోనో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, గుండె మీద ఒక్కసారిగా భారం పడకుండా. వేసుకున్న వారానికే ఏదో అయిపోతుందని ఎదురుచూడకండి. నాకు ముందు మలబద్ధకం తగ్గింది, తర్వాత చలి, రెండో నెలకి గొంతు విప్పుకుంది, జుట్టు ఆగడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, అందుకని ఒక డోసు పూర్తిగా కుదురుకోవాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు, మళ్ళీ టెస్టు కూడా అప్పుడే. నెలకే టెస్టు చేయించి డోసు మార్పించుకునేవాళ్ళు ఊగుతూనే ఉంటారు.

అయితే ఆరు వారాలకి నా టీఎస్‌హెచ్ 60 నుంచి 19కి వచ్చి అక్కడే ఆగింది. డోసు 125 చేశారు, అయినా పెద్ద తేడా లేదు. అప్పుడు మా డాక్టరు గారు ఊళ్ళో లేకపోతే గుంటూరులో ఒక ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికెళ్ళాం, ఆవిడ డోసు ముట్టుకోకుండా ముందు "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం వేసుకుంటావో వరసగా చెప్పమ్మా" అన్నారు. లేవగానే థైరాయిడ్ మాత్ర, పది నిమిషాలకి ఫిల్టర్ కాఫీ, టిఫిన్ అవగానే ఐరన్, కాల్షియం. చీటీల్లో అన్నీ ఉదయం అనే ఉంది, మరి అలాగే వేసుకుంటాం కదా. అదీ సంగతి. ఐరన్, కాల్షియం పేగులోనే ఈ మందుని పట్టేసుకుంటాయి, ఒంట్లోకి పోనివ్వవు, నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ కూడా మందు పట్టడాన్ని తగ్గిస్తుంది. మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తాగకూడదు, కాఫీ అయితే గంట ఆగడమే మేలు. గ్యాస్ మాత్రలు, పాంటాప్రజోల్ లాంటివి రోజూ వాడినా మందు పట్టడం తగ్గుతుంది, మన దగ్గర అవి ప్రతి చీటీలో ఉంటాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే. కాల్షియం మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఐరన్ రాత్రికి మార్చా. తర్వాతి టెస్టులో టీఎస్‌హెచ్ 2 చిల్లర వచ్చింది, మళ్ళీ 100కే దించారు. ఒక్క కొత్త మందు లేకుండా, టైములు మారిస్తే. పొద్దున అస్సలు కుదరని వాళ్ళు (మా స్కూల్లో ఒక అక్కకి తెల్లారుజామున బస్సు) రాత్రి తిన్న మూడు గంటల తర్వాత పడుకునేముందు వేసుకోవచ్చు, డాక్టర్ని అడిగి ఏదో ఒక టైముకి కట్టుబడితే చాలు.

మధ్యలో ఒకసారి టీఎస్‌హెచ్ 0.1 వచ్చింది, ఫ్రీ టీ4 ఎక్కువ. డోసు ఎక్కువైందని తగ్గించెయ్యబోయారు. డోసు నిజంగా ఎక్కువైతే గుండె దడ, చేతులు వణకడం ఉంటాయి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటే ఎముకలు గుల్లబారతాయి కూడా. నాకు దడ లేదు, నిద్ర బానే పడుతోంది. ఈసారీ ఆ ఎండోక్రైన్ మేడమే "జుట్టుకేమైనా వాడుతున్నావా" అని అడిగారు. బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాములు వాడుతున్నా. చాలా ల్యాబుల మెషీన్లు ఆ పరీక్షని బయోటిన్ సాయంతోనే చేస్తాయి, రక్తంలో అది ఎక్కువుంటే లెక్క తారుమారై టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ, టీ4 ఎక్కువ చూపిస్తుంది. ఆపేసి కొన్ని రోజులాగి చేయిస్తే అన్నీ మామూలే. జుట్టు ఊడుతుందని బయోటిన్ వేసుకోని థైరాయిడ్ పేషెంటు మన దగ్గర తక్కువ, టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. అలాగే టెస్టు రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి, ఎప్పుడూ పొద్దున ఒకే టైముకి ఇవ్వండి, టీఎస్‌హెచ్ పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది.

రెండో కాన్పు గురించి రాయకపోతే ఇది పూర్తవదు. కడుపులో బిడ్డకి మొదటి నెలల్లో తల్లి హార్మోనే ఆధారం, బిడ్డ మెదడు ఎదుగుదల దాని మీదే నడుస్తుంది, అందుకే కడుపుతో ఉన్నట్టు తెలియగానే డోసు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది. మా మేడం ముందే చెప్పి ఉంచారు, ఇంట్లో టెస్టులో తేలిన రోజే వారానికి ఏడు మాత్రల బదులు తొమ్మిది వేసుకోవడం మొదలుపెట్టి తర్వాత వచ్చి కనపడమని. నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్, మొదటి మూడు నెలలు 2.5 లోపు ఉంచారు. కాన్పయ్యాక మళ్ళీ పాత డోసుకే. ఐరన్, కాల్షియం తప్పనిసరిగా వాడే రోజులు కాబట్టి టైముల విషయం అప్పుడు ఇంకా గట్టిగా చూసుకోవాలి. పుట్టిన పాపకి మడమ దగ్గర చుక్క రక్తం తీసి టీఎస్‌హెచ్ చేయించారు, పుట్టుకతోనే గ్రంథి లేని పిల్లలకి మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే మామూలుగా ఎదుగుతారు, ఆలస్యమైతే బుద్ధి మాంద్యం వస్తుంది. మీ ఆసుపత్రిలో అది చెయ్యకపోతే నోరు తెరిచి అడగండి, ఇందులో మొహమాటం వద్దు.

మాత్రల సీసా పొయ్యి పక్కన అలమారలో, ఎండలో ఉండే కారులో పెట్టకండి, వేడికి, వెలుతురుకి, తేమకి ఈ మందు బలం తగ్గుతుంది. ఒక కంపెనీకి అలవాటు పడ్డాక అదే వాడటం మంచిది, తప్పక మారిస్తే ఆరు వారాలకి టెస్టు. ధర ప్రభుత్వ నియంత్రణలో ఉన్న మందుల్లో ఇదొకటి, రోజుకి ఖర్చు చాలా తక్కువ. థైరాయిడ్ ఉంటే మానెయ్యాలని కొందరు చెప్పే క్యాబేజీ, కాలీఫ్లవర్ నేను వండుకుని తింటూనే ఉన్నా, ఉప్పు మామూలు అయోడిన్ ఉప్పే. హషిమోటో ఉన్నవాళ్ళు అయోడిన్ విడిగా మాత్రల్లా మింగితే మేలు జరగకపోగా గ్రంథి ఇంకా మొరాయించొచ్చు. మూడు నెలల్లో మాత్ర మానిపిస్తామని కషాయాలు అమ్మేవాళ్ళ మీద మాత్రం నాకు కోపం, మా వదిన వాళ్ళ ఊళ్ళో ఒకావిడ అది నమ్మి మాత్ర మానేసి, ఒళ్ళంతా ఉబ్బి, మాట ముద్దగా అయ్యి, పడుకున్న మనిషిని లేపితే లేవని స్థితిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికింది, కానీ అంత దూరం వెళ్ళాల్సిన పనే లేదు.

నాకు తీరని విషయం బరువు. మందు మొదలుపెడితే సన్నబడతామని అందరూ అనుకుంటారు, తగ్గేది మహా అయితే రెండు నుంచి నాలుగైదు కిలోలు, అదీ ఎక్కువగా ఒంట్లో చేరిన నీరూ ఉప్పూ. నాకు మూడు కిలోలు తగ్గింది, మిగతాదానికి నడకే. ఇంకా కొన్ని రోజులు టీఎస్‌హెచ్ బానే ఉన్నా ఒళ్ళు ఈడ్చుకుపోయేది, బీ12 చూస్తే బాగా తక్కువ, హషిమోటోతో పాటు అదీ కొందరికి ఉంటుందట, ఇంజెక్షన్లు తీసుకున్నాక తేలికపడ్డా.

నాకు ఉందని తెలిశాక ఇంట్లో అందరికీ చేయించాం. చెల్లికి వైరల్ జ్వరం తగ్గిన వారానికి టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది, టీ4 నార్మల్, ఒక డాక్టరు వెంటనే 50 రాశారు, జీవితాంతం అన్నారు. మా మేడం మాత్ర మొదలుపెట్టనివ్వలా, రెండు నెలలాగి మళ్ళీ చేయిస్తే 2.9. జ్వరం తర్వాత కొన్నాళ్ళు అలా పెరిగి దిగుతుందట. అమ్మకి డెబ్బై దాటాయి, ఆవిడకి 6 దగ్గరే ఉంటోంది. వయసుతో పాటు టీఎస్‌హెచ్ కాస్త పెరగడం మామూలేనట, 65 దాటినవాళ్ళలో ఇలాంటి కొద్దిపాటి పెరుగుదలకి మందిచ్చి చూసిన పెద్ద పరిశోధన 2017లో వచ్చింది, నీరసం తగ్గడంలో మందు వేసుకున్నవాళ్ళకీ ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకీ తేడా కనపడలేదు. 10 దాటితే అప్పుడు ఆలోచిద్దామన్నారు. అమ్మకి ఆరు నెలలకోసారి టెస్టు మాత్రం చేయిస్తున్నాం.