తిమింగలాల చార్టు: పొడవులు బాగా చూపించారు, బరువు దగ్గరే తప్పు

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పుస్తకాల షాపులో పోయిన వారం ఈ గోడ చార్టు కొన్నాను, 180 రూపాయలు. లక్షల ఏళ్ల కిందట అంతరించిపోయిన తిమింగలాలు పక్కపక్కన, ఒకే కొలతకు గీసి ఉన్నాయి. ఆరో తరగతి చదివే మావాడికి తిమింగలాలంటే ప్రాణం. ప్రింటు బాగుంది, ల్యామినేషన్ గట్టిగా ఉంది.

నాకు బాగా నచ్చింది బాసిలోసారస్ బొమ్మ. సుమారు 18 మీటర్లు, అంటే మన ఆర్టీసీ బస్సులు ఒకటిన్నర, కానీ ఒళ్లు మాత్రం పాములా సన్నగా సాగి ఉంటుంది. 1834లో దీనికి పేరు పెట్టిన హార్లాన్ అనే శాస్త్రవేత్త ఇది సరీసృపం అనుకున్నాడు, అందుకే బల్లి అని అర్థమిచ్చే ఆ 'సారస్' పేరులో ఉండిపోయింది. పక్కనే ఉన్న లివ్యాటన్ దానికన్నా కాస్త పొట్టి, అయినా ఎంత దిట్టంగా ఉందో చూడగానే తెలుస్తుంది. దాని పన్ను 36 సెంటీమీటర్లు, మావాడి స్కేలు కన్నా పొడవు! ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెరూలో దీని మూడు మీటర్ల పుర్రె, దవడ, పళ్లు దొరికాయి గానీ ఒళ్లు దొరకలేదు. పొడవు 13.5 నుంచి 17.5 మీటర్ల మధ్య అని అంచనా వేశారు. చార్టులో 17.5 అని మాత్రమే వేసేశారు.

అసలు బాధ పెరుసెటస్ దగ్గర. బరువు 340 టన్నులు అని పెద్ద అక్షరాలతో రాశారు. 2023లో దీన్ని ప్రకటించినవాళ్లు చెప్పింది 85 నుంచి 340 వరకు; చార్టువాళ్లు ఆ పై అంకె ఒక్కటే పట్టుకున్నారు. దొరికింది 13 వెన్నుపూసలు, నాలుగు పక్కటెముకలు, తుంటి ఎముకలో కొంత, తల లేదు. ఎముకలు చాలా బరువైనవే, కానీ ఎముక బరువైతే ఒళ్లంతా అదే లెక్కన బరువుండాలని లేదు కదా. 2024లో వేరేవాళ్లు మళ్లీ లెక్కగడితే 17 మీటర్ల పొడవుకు 60-70 టన్నులు, 20 మీటర్లైనా 114 దాటలేదు. అంటే అన్ని జంతువుల్లోకీ బరువైనదని చెప్పుకునే నీలి తిమింగలాన్ని ఇది మించిందని చెప్పలేం.

ఇంకోటి, మన కచ్‌లో దొరికిన కచ్చిసెటస్‌ను వదిలేశారు, అది నాకు నిజంగా బాధనిపించింది.

ఐదుకు మూడు ఇస్తాను. 340 మీద తెల్ల కాగితం అంటించి 60-114 అని స్కెచ్‌తో రాశాం. మీరు కొంటే పిల్లలకు ఇచ్చేముందు ఆ అంకె దిద్దండి.