కుండీలో వస: విత్తనాల డబ్బాకు దీన్ని మించింది లేదు

వస అనగానే పసిపిల్లల నాలుక మీద రాయడమే అందరికీ గుర్తొస్తుంది. ఇన్నేళ్లుగా పెంచి, ఎండబెట్టి, దంచి వాడుతున్నాక నాకు దీని మీద ఇంత మక్కువ కలిగింది మాత్రం పెసలు, అలసందల విత్తనం దాచుకునే డబ్బా దగ్గర.

పప్పుధాన్యాల విత్తనం దాచేవాళ్లకు పుచ్చు పురుగు సంగతి చెప్పక్కర్లేదు. చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికొస్తుంది. వేపాకు, బూడిద కొంతవరకే ఆపుతాయి. వస పొడి కలిపి దాచిన పెసలు తర్వాతి ఖరీఫ్‌కు తీస్తే గింజకు చిల్లు లేదు, మొలక కూడా తగ్గలేదు. కిలో గింజలకు 10 గ్రాముల పొడి చాలు. వస నూనెలో ఉండే బీటా అసరోన్ ఆవిరిగా డబ్బా అంతా పట్టి పురుగుకు సంతానం కలగకుండా చేస్తుంది. అందుకే మూత బిగుతుగా ఉండాలి. గోనె సంచిలో అయితే వాసన బయటికి పోయి పొడి దండగ.

గింజ లోపలికి అప్పటికే దూరిన పురుగు మీద దీని ప్రభావం పెద్దగా ఉండదు. నూర్చిన వెంటనే గట్టి ఎండలో పోసి, పంటి కింద టక్కున విరిగేదాకా ఆరనిచ్చి, చల్లారాక కలపాలి. చిల్లులు పడ్డాక కలిపి ‘పని చేయలేదు’ అనడం వసకు అన్యాయం. ముక్కలుగా బియ్యం డబ్బాలో పడేస్తారే, దానివల్ల ఒరిగేది తక్కువ. మెత్తగా దంచితేనే వాసన విడుస్తుంది. తినే పప్పులో మాత్రం కలపకూడదు. కడిగినా ఆ ఘాటు పోదు, అది పొట్టలోకి వెళ్లాల్సిన పదార్థమూ కాదు.

ఇక పెంపకం. పచారీ కొట్లో దొరికే ఎండు కొమ్ము, అంటే ఎండబెట్టిన దుంప, మొలవదు, పచ్చి దుంపే కావాలి. కర్ణాటకలో తుమకూరు వైపు, కొరటగెరె ప్రాంతంలో, దీన్ని పొలాల్లో పంటగా వేస్తారు. నర్సరీలో కొనేటప్పుడు ఆకు నలిపి చూడాలి. అసలు వస ఆకుకు నడిమి ఈనె సరిగ్గా మధ్యన ఉండదు, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. ఒక అంచు అక్కడక్కడ ముడతలు పడుతుంది. మొదలు లేత గులాబీ రంగు. సన్నగా గడ్డిలా, ఈనె కనపడకుండా ఉన్నది అలంకారానికి పెంచే చిన్న రకం, మన పనికి రాదు. మందుల కొట్లలో అల్లం జాతికి చెందిన దుంపరాష్ట్రం ముక్కలు కూడా వస పేరుతో వస్తుంటాయి. వస కొమ్ము పైన ఆకులు రాలిన మచ్చలు వరసగా, కింద వేళ్ల మచ్చలు వంకరటింకరగా ఉంటాయి. విరిస్తే లోపల బెండులా మెత్తగా ఉంటుంది.

రెండడుగుల వెడల్పు, అడుగు లోతు తొట్టిలో రెండు పాళ్లు చెరువు మట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు. మొగ్గ ఉన్న ముక్కల్ని 4 సెంటీమీటర్ల లోతున, అడుగు ఎడంగా, తొలకరిలో నాటాలి. లోతుగా పెడితే కుళ్లుతుంది. బురద మీద రెండంగుళాల నీళ్లు నిలిపితే చాలు, మొక్క ఎదిగాక ఇంకాస్త పెంచొచ్చు. దోమల భయం ఉంటే నీటిని బురద మట్టానికి సరిగ్గా ఉంచినా బతుకుతుంది, దుంప కాస్త సన్నబడుతుంది. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, కొమ్ము ఊరదు.

‘నీళ్లుంటే చాలు, ఇంకే బాధా లేదు’ అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. తెలంగాణ వేసవికి ఆ మాట పూర్తిగా నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో నల్ల ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కిపోతాయి. ముందు ఆకు చివర్లు మాడతాయి, తర్వాత దుంప మెత్తబడి నీరు కంపు కొడుతుంది. ఆ దశలో పైకి తీసి మెత్తబడిన భాగం కోసేసి, గట్టి ముక్కల్ని కొత్త మట్టిలో నాటడం తప్ప దారి లేదు. సిమెంటు తొట్టి, మధ్యాహ్నపు నీడ, సాయంత్రం నీళ్లు మార్చడం, ఈ మూడూ కుదిరితే గట్టెక్కుతుంది.

నాటిన ఏడాదికి కింది ఆకులు పసుపెక్కాక నీళ్లు తీసేసి తవ్వాలి. పీచు వేళ్లు కోసి, కడిగి, రెండు మూడు అంగుళాల ముక్కలు చేసి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే నూనె ఎగిరిపోతుంది, ముసురులో తీస్తే బూజు పడుతుంది. ఆరాక గోనె గుడ్డలో వేసి రుద్దితే పైపొర రాలుతుంది. రోట్లో దంచి జల్లించడమే మేలు. మిక్సీలో వేస్తే పీచు బ్లేడుకు చుట్టుకుంటుంది, జారుకు పట్టిన వాసన మళ్లీ వదలదు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఒక్క విడతకు సరిపడేంతే దంచుకోవాలి, నిలవ పొడిలో ఘాటు తగ్గుతుంది.

పిల్లలకు వస పోసే ఆనవాయితీ మన ఇళ్లలో గట్టిది. ఆముదం దీపం మీద కొమ్మును కాల్చి, తల్లిపాలతో సాన మీద అరగదీసి, నాలుకకు రాస్తారు. కాల్చకుండా నేరుగా ఇచ్చేవారు కాదని గమనించాలి. ఆయుర్వేదంలోనూ వసను శుద్ధి చేశాకే మందుల్లో వేస్తారు. మన దేశపు వసలో ఒంటికి చేటు చేసే ఆ బీటా అసరోన్ వంతు ఎక్కువ. అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. పసిబిడ్డలకు వాంతులు పట్టుకోవడం తెలిసిన ప్రమాదమే. అందుకని ఆ వాడకానికి నేను మార్కులు వేయను, వేయమని ఎవరినీ అడగను.

వంటింటి నీళ్లు పారే పెరడు, ఏటా సొంత విత్తనం దాచుకునే అలవాటు మా ఇంట్లో ఉన్నాయి కాబట్టి ఈ తొట్టికి చోటిచ్చాం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పడమటి ఎండ పడేవాళ్లు మొక్క జోలికి వెళ్లకుండా, విరిస్తే గుప్పున వాసన కొట్టే ఎండు కొమ్ము చూసి కొనుక్కుని దంచుకోండి. విత్తనానికి అదీ సరిపోతుంది.