మధ్యస్థాయి మేనేజర్ల మానసిక సంక్షేమ సేవ: నెల్లూరు రొయ్యల ప్లాంటు నుంచి ఒక సమీక్ష

నెల్లూరు తీరంలోని మా రొయ్యల శుద్ధి ప్లాంటులో అసిస్టెంట్ మేనేజర్లు, షిఫ్టు ఇన్‌ఛార్జీల కోసం యాజమాన్యం ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసుకుని ఏర్పాటు చేసిన మానసిక సంక్షేమ సేవను చాలా కాలంగా వాడుతున్నాను. నగరంలోని ఒక హోటల్లో నెలకొకసారి ఒక పూట శిక్షణ, ఫోనులో కౌన్సెలింగ్, సెల్‌ఫోన్లో ఒక యాప్ కలిసి ఈ సేవ. ఈ మూడూ ఒకే విలువైనవి కావు కాబట్టి, ఇటువంటిది కొనాలనుకునే ప్లాంట్లకూ, చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలకూ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా మా పని సంగతి చెప్పాలి. చెరువులో రొయ్యల పట్టుబడి ఎప్పుడు మొదలవుతుందో రైతు, వ్యాపారి నిర్ణయిస్తారు. అది తరచుగా రాత్రివేళ లేదా తెల్లవారుజామున జరుగుతుంది. కంటైనర్ ఎప్పుడు బయలుదేరాలో ఓడ సమయాన్ని బట్టి తేలుతుంది. ఐసులో వచ్చిన సరుకు ఎక్కువసేపు ఆగదు. ఈ రెండు గడువుల మధ్య కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) తేడాలకూ, పీలింగ్‌కు, అంటే రొయ్యల పొట్టు తీయడానికి, వచ్చే ఆడవాళ్ల హాజరుకూ, ఫ్రీజర్ మరమ్మతుకూ జవాబు చెప్పవలసింది మధ్యస్థాయి మేనేజరే అయినా, ఆ గడువులలో ఒక్కటీ అతని చేతిలో ఉండదు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, నిర్ణయాధికారం తక్కువగా ఉన్న ఉద్యోగాలే మనిషిని ఎక్కువగా నలిపేస్తాయని పని ఒత్తిడిని అధ్యయనం చేసిన పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా మా ప్లాంటును చూసి గీసినట్టే ఉంటుంది. దీనికి తోడు, 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికులకు వారానికి 48 గంటల పరిమితి పెట్టినా, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ బాధ్యతల్లో ఉన్నవారిని ఆ పరిమితి నుంచి తప్పించే వీలును రాష్ట్రాలకు ఇచ్చింది. అందువల్ల మా స్థాయి వారి పని గంటలు ఏ రిజిస్టరులోనూ కనిపించేవి కావు.

శిక్షణ మొదట్లో నిరాశ కలిగించింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెకు రక్తం సరిగా అందని జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో వెల్లడించిన అంచనాను శిక్షకుడు చక్కగా వివరించారు. అయితే ఆ వెంటనే శ్వాస వ్యాయామాలు నేర్పించారే తప్ప, గంటలు తగ్గించే ఊసు ఎత్తలేదు. ఆ వ్యాయామాలు మంచివే; కానీ గంటల వల్ల వచ్చే ముప్పును ఊపిరితో సరిచేయడం సాధ్యం కాదు.

తరువాత వచ్చిన శిక్షకురాలు దారి మార్చారు. డ్యూటీ దిగిన తరువాత వచ్చే ప్రతి ఫోనునూ, అది దేనికోసం వచ్చిందో సహా వారం పాటు రాసుకురమ్మన్నారు. ఆ కాగితాలన్నీ కలిపి చూసినప్పుడు నిజమైన అత్యవసరాలు కొన్నే ఉన్నాయని తేలింది. ఫ్రీజర్లను చల్లబరిచే అమోనియా వాయువు లీకు అనుమానం, ఫ్రీజర్ ఆగిపోవడం వంటి వాటికి మేనేజరును లేపక తప్పదు. మిగిలినవి గేటు పాసు, ఐసు ఆర్డరు, లేబర్ వ్యాను, కౌంట్‌లో కొద్దిపాటి తేడా మీద రైతుతో వాదన వంటివి. రాత్రి షిఫ్టులో ఉన్న ఉద్యోగికి ఆ మేరకు అధికారం ఇవ్వకపోవడం వల్లనే అవన్నీ మా ఇళ్లకు వచ్చేవి. ఆమె పట్టుబట్టి తరువాతి శిక్షణకు డైరెక్టరును పిలిపించి, ఆయన ముందే ఈ కాగితాలను పరచి చూపించారు. కౌంట్‌లో ఎంత తేడా వరకు రాత్రి ఇన్‌ఛార్జి తానే ఒప్పుకోవచ్చో రాతపూర్వకంగా ఖరారైంది. రాత్రి ఫోను బాధ్యత వంతులవారీగా మారింది, వంతు కానివారికి ఫోను చేయకూడదన్న నియమం వచ్చింది. ఈ సేవ మొత్తంలో నా కుటుంబానికి ప్రత్యక్షంగా అందిన మేలు ఇదే. పిల్లలు నిద్రలేచేసరికి నేను విశ్రాంతిగా ఉండగలుగుతున్నాను.

ఫోను కౌన్సెలింగ్‌ను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. తెలుగులో మాట్లాడతారు, కోరితే ప్రతిసారీ అదే కౌన్సెలర్‌ను ఇస్తారు. 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు ఆర్డర్లు తగ్గి, పీలింగ్ షిఫ్టులు కోసిన సంగతి ఆడవాళ్లకు చెప్పవలసిన పని నా మీద పడింది. నిర్ణయం నాది కాకపోయినా వాళ్లు అడిగేది నన్నే కదా. ధైర్యంగా ఉండమని కౌన్సెలర్ ఊరికే చెప్పి వదిలేయలేదు. నాకు తెలిసినదేమిటి, చెప్పడానికి నాకు అనుమతి ఉన్నదేమిటి, నేను మాట ఇవ్వకూడనిదేమిటి అని ఒక్కొక్కటిగా విడదీయించారు. ఆ సంభాషణ వల్ల మరునాడు వాళ్ల ఎదుట నిజాయితీగా నిలబడగలిగాను. లోపమల్లా వేళలది. రాత్రి తొమ్మిది దాటితే ఎవరూ అందుబాటులో ఉండరు; మాకు మనసు బరువెక్కేది అర్ధరాత్రి దాటాకే. ఆ వేళల్లో 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోను సహాయ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

యాప్‌కు డబ్బు పెట్టవద్దనే చెబుతాను. గత రెండు వారాలుగా నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయో అడిగి, పేర్లు లేకుండా విభాగాల వారీగా హెచ్‌ఆర్‌కు నివేదిక పంపుతుంది. నాణ్యతా విభాగం వంటి చోట ముగ్గురే మేనేజర్లున్నప్పుడు పేరు తీసేసినంత మాత్రాన ఎవరి జవాబో తెలియకుండా ఉండదు. అందుకే అందరూ అంతా బాగుందనే గుర్తు పెడుతున్నారు, ఆ తప్పుడు నివేదికను చూసి పైవాళ్లు నిశ్చింతగా ఉంటున్నారు. ఇది చిన్న సాంకేతిక లోపం కాదు. సాయం నిజంగా కావలసినవాడిని కనిపించకుండా చేసే లోపం.

ఒప్పందం పొడిగింపు చర్చకు వచ్చినప్పుడు మేమందరం కలిసి యాజమాన్యానికి లేఖ ఇచ్చాము. యాప్‌ను తీసేసి ఆ సొమ్ముతో కౌన్సెలింగ్‌ను రాత్రి షిఫ్టు వేళలకు విస్తరించాలని, ఇకపై ఏ రూపంలో నివేదిక ఇచ్చినా కనీసం పదిమంది లేని విభాగం నివేదికను విడిగా ఇవ్వకూడదని, ప్రతి మూడవ శిక్షణకు డైరెక్టర్లలో ఒకరు తప్పనిసరిగా హాజరు కావాలని కోరాము. మొదటి రెండింటికి సేవ అందించే సంస్థ అంగీకరించింది. మూడవదానిపై యాజమాన్యం నిర్ణయం ఇంకా రావలసి ఉంది.